కళింగపట్నానికి ఒక రాయి

మా తరం వారికి కళింగపట్నం మొదట ఊరు కాదు, ఆకాశవాణిలో వినిపించే ఒక మాట. ఆశ్వయుజ కార్తిక మాసాలలో మబ్బు ముసురుకున్నప్పుడల్లా, రేడియో చుట్టూ ఇంటిల్లిపాదీ చేరి కూర్చుంటే, గంభీరమైన కంఠం ఒకటి చెప్పేది: బంగాళాఖాతంలో వాయుగుండం కళింగపట్నానికి ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉన్నదనీ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవులలో మూడవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారనీ. ('కేంద్రీకృతము' అన్న మాటలో ఉన్న అభూతతద్భావాన్ని నేను బడిపిల్లలకు ఈ వార్తలతోనే బోధించేవాణ్ణి. అంతవరకు కేంద్రం కానిది కేంద్రం అయినది అని. వాయుగుండానికి ఇంతకంటె మంచి ఉదాహరణ వ్యాకరణ గ్రంథాలలో దొరకదు.)

మాది గజపతినగరం. మాకు సముద్రం లేదు. ఉన్నది చంపావతి. అది కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుందని భూగోళంలో చదువుకున్నాం. కనుక ఎగురవేసే ఆ మూడవ నంబరు ఏమిటో, ఎవరు ఎగురవేస్తారో, ఎవరు చూస్తారో మాకు తెలియదు. జెండా మీద అంకె వేసి ఉంటుందని ఊహించుకునేవాళ్ళం. పెద్దయిన తర్వాత తెలిసింది, అవి అంకెలున్న జెండాలు కావు. పగటివేళ శంకువుల ఆకారంలోను, పీపాల ఆకారంలోను ఉండే బుట్టలను స్తంభానికి వేలాడదీస్తారు. రాత్రివేళ ఎరుపు, తెలుపు దీపాలు. మొత్తం పదకొండు సూచికలు. మొదటి రెండూ ఎక్కడో నడిసముద్రంలో తుఫాను ఉన్నదని చెబుతాయి. మూడు, నాలుగు రేవుకే గాలివాన రావచ్చునంటాయి. అయిదు నుంచి ఏడు వరకు ప్రమాదం, ఎనిమిది నుంచి పది వరకు మహాప్రమాదం. పదకొండవది విచిత్రమైనది. తుఫాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి అని దాని అర్థం. మాట అందడం లేదు గనుక ఇక మీరు ప్రమాదమనే అనుకోండి అని చెప్పడానికి కూడా ఒక గుర్తును కల్పించిన ఆ మహానుభావుడెవరో గాని, అతనికి భాష అంటే ఏమిటో బాగా తెలుసు.

ఈ మాఘమాసంలో ఆ మాట వెనకనున్న ఊరును చూసి వచ్చాను. నా దగ్గర చదువుకుని ఇప్పుడు శ్రీకాకుళంలో ఉపాధ్యాయుడుగా ఉన్న శిష్యుడొకడు తన కారులో తిప్పాడు. ఉదయం శ్రీకూర్మం, మధ్యాహ్నం శాలిహుండం, సాయంకాలం కళింగపట్నం. అందరూ తిరిగే దారే. అంతర్జాలంలో మిత్రులు పెట్టే దూరదేశాల సముద్రతీర పట్టణాల బొమ్మలు చూసి ఔరా అనుకునే మనం, మన తీరంలోనూ అటువంటి విశేషాలున్నాయని ఒకసారి చెప్పుకోవడం తప్పు కాదు గాని, ఈ టపా యాత్రావర్ణన కోసం రాస్తున్నది కాదు. నాకు అక్కడ కనపడని వస్తువు ఒకటి ఉన్నది. దాన్ని గురించి రాస్తున్నాను.

కళింగపట్నంలో చూడవలసినవేమిటని అడిగితే దీపస్తంభం, వంశధార సముద్రంలో కలిసే చోటు, ఇసుకతీరం, ఒక దర్గా అని చెబుతారు. నిజమే. వంశధార ఒడిశా కొండలలో పుట్టి, ముఖలింగం మీదుగా వచ్చి, ఇక్కడ తొందరేమీ లేనట్లు సముద్రంలోకి జారుకుంటుంది. ఒకప్పుడిది గంజాం జిల్లాకు ముఖ్యమైన రేవులలో ఒకటి. ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, మేకు కొట్టకుండా కొబ్బరితాడుతో కుట్టిన మసులా పడవలలో సరుకు చేరవేసేవారు. అవతల రైలుమార్గం పడి, 1933లో విశాఖ హార్బరు ప్రారంభమైన తరువాత ఇటువంటి చిన్న రేవుల పని ముగిసింది. ఇప్పుడు అక్కడ ఉన్నవి చేపల పడవలు. ఆరబోసిన వలలు. ఆదివారం నాడు వచ్చే జనం. అయినా వాతావరణ శాఖవారి ప్రకటనలలో కళింగపట్నం ఇంకా రేవే. అక్కడ వారి పరిశీలనకేంద్రం కూడా ఉన్నది. సరుకు ఆగిపోయినా సూచిక ఆగలేదు. ఓడలు రాని రేవుకు ప్రమాద సూచిక మాత్రం ఏటేటా వస్తున్నదంటే నవ్వవలసిన విషయంగా తోచవచ్చు. తీరా లెక్క చూస్తే నవ్వు రాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దాపున, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి కొద్ది దూరంలోనే తీరం దాటాయి. తొమ్మిదేళ్ళలో నాలుగు. ఒకటి నీలమణి, ఒకటి పక్షి, ఒకటి సీతాకోకచిలుక, ఒకటి గులాబీ. ఈ పేర్లు పెట్టే దేశాలవారి సౌకుమార్యానికి నమస్కారం. ఉద్దానంలో కొబ్బరిచెట్లను వేళ్ళతో పెకలించిన గాలికి సీతాకోకచిలుక అని పేరు!

తీరాన ఒక వృద్ధుడు వల బాగుచేసుకుంటున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. మాటల మధ్యలో అడిగాను, నీ ఎరుకలో సముద్రం ఎంతవరకు వచ్చిందయ్యా అని.

"ఏటి చెప్తాం బాబూ! మా తాత అదిగో, ఆ తాడిచెట్టు కాడికొచ్చిందనీవోడు."

ఏ తాడిచెట్టు అన్నాను. అతను చూపిన వైపు ఇసుక తప్ప ఏమీ లేదు.

"ఆ చెట్టు ఇప్పుడు నేదు బాబూ."

ఏ సంవత్సరం వచ్చిందట?

"పెద్దగాలి ఏడు."

ఏ పెద్దగాలి అని మళ్ళీ అడగలేదు. అడిగినా అతనికి తెలియదు. తెలియకపోవడం అతని లోపమూ కాదు. తాత నుంచి మనుమనికి మాట చేరింది. మాట పట్టుకుని ఉన్న చెట్టు పోయింది. సంవత్సరం అంతకుముందే పోయింది. మిగిలినదల్లా ఒక వేలు, ఆ వేలు చూపే శూన్యం. ఇంకొక తరం గడిస్తే ఆ వేలు కూడా ఉండదు.

నా మనస్సు ఉదయం చూసిన శ్రీకూర్మానికి పోయింది. ఆ గుడిలో వింతలకు కొదవ లేదు. కూర్మావతారానికి నిత్యపూజ జరిగే ఆలయం ఇటువంటిది మరొకటి లేదంటారు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు గనుక తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్ళు. పిల్లలు వాటి దగ్గరే ఆగిపోతారు. పెద్దలు కూడా. నేను ఆగేది మండపపు నల్లరాతి స్తంభాల దగ్గర. ఒంటినిండా అక్షరాలు. ఎవరో ఒక అఖండదీపం పెట్టించాడు. దానికి నేయి కోసం ఇన్ని గండమాడలు శ్రీభండారంలో ఒడుక్కు పెట్టాడు. శకవర్షం ఇంత, తిథి ఇది, వారం ఇది. ఆచంద్రార్కం ఈ ధర్మం నడవాలి. చివర 'ఈ ధర్మము శ్రీవైష్ణవ రక్ష' అని ముగింపు. ఈ ముగింపు నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. దాత తన దీపాన్ని రాజుకు అప్పగించలేదు. రాజులు మారిపోతారని అతనికి తెలుసు. రేపు ఇక్కడికి వచ్చి ఈ రాయి ముందు నిలబడి చదివేవాళ్ళెవరో వాళ్ళకు అప్పగించాడు. ఏడు వందల ఏళ్ళ తరువాత మనకు ఆ దీపానికి పోసిన నేతి లెక్క తెలుసు, వారం తెలుసు. సముద్రం మూడు తరాల కిందట ఎంతవరకు వచ్చిందో తెలియదు.

అక్కడే 1281 నాటి నరహరితీర్థుల శాసనం ఉన్నది. మధ్వాచార్యుల శిష్యుడు, సన్న్యాసి. కళింగ రాజ్యభారం నెత్తిన వేసుకోవలసివచ్చి, శబరుల దాడి నుంచి ఈ గుడిని కత్తి పట్టి కాపాడాడని ఆ శాసనం చెబుతుంది. కాషాయమూ కత్తీ ఒకేచోట ఉన్న ఈ శాసనాన్ని చూసినప్పుడల్లా నాకు ఇంకొకరు గుర్తు వస్తారు. ఆరు వందల ఏళ్ళ తరువాత, ఇదే వంశధార సీమలో, అదే సవరల దగ్గరకు కలం పట్టుకుని వెళ్ళి కూర్చున్నవారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

గిడుగువారు అనగానే వ్యావహారిక భాషోద్యమం, ఆగస్టు 29న సభ, దండ, ఉపన్యాసం. అంతటితో సరి. ఆయన 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. పాఠం చెప్పేది చరిత్ర. ముఖలింగం గుడి గోడల మీద ఉన్న రాతలు ఏమిటో చదువుదామనుకుని, నేర్పే గురువు లేకపోతే పుస్తకం ముందు పెట్టుకుని పాతలిపులు తానే నేర్చుకున్నారు. సవర భాషనూ అలాగే సాధించి, 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చువేయించారు. శాలిహుండం కొండ మీద బౌద్ధ శిథిలాలున్నాయని 1919లో లోకానికి తెలియజేసినదీ ఆయనే. 'తెలుగు' పత్రిక పెట్టిన సంవత్సరమూ అదే. ఒక చేత్తో పండితులతో యుద్ధం, ఇంకొక చేత్తో కొండ మీది ఇటుకలు. పురావస్తు శాఖవారు వచ్చి తవ్వకాలు జరిపినది ఆ తరువాత. ముందు చూసినది ఒక బడిపంతులు. జీతం తీసుకునేది ఇందుకు కాదు, ఇందుకు ఎవరూ పంపలేదు. రాయి కనపడితే చదవాలనుకునే మనిషి, అంతే.

ఆ శాలిహుండం కళింగపట్నానికి కొద్ది మైళ్ళ ఎగువన, వంశధార దక్షిణపు గట్టున ఉన్నది. శాలివాటిక అని ఒకరు, శల్యపేటిక అని ఒకరు ఆ పేరుకు వ్యుత్పత్తులు చెబుతారు. మొదటిది వరిధాన్యపు మాట, రెండవది అస్థికల మాట. కింద వరిచేలు, పైన ధాతుగర్భాలు ఉన్న కొండకు రెండూ అతుకుతాయి గనుక నేను తీర్పు చెప్పను. కొండ ఎక్కితే ఇటుకల స్తూపాలు, బండిచక్రంలా ఆకులు తీర్చిన పునాదులు, పైన మహాచైత్యం. అక్కడి నుంచి చూస్తే నది ఒక వంపు తిరిగి సముద్రం వైపు పోతుంది. బౌద్ధులు చోటు ఎంచుకోవడంలో మహా నేర్పరులు. రేవుకు దగ్గర, వరదకు దూరం.

అక్కడ దొరికిన విగ్రహాలలో తార ఉన్నది, మారీచి ఉన్నది. మారీచి ఉషస్సుకు అధిదేవత. సూర్యునికి గుర్రాలైతే ఆమె రథానికి వరాహాలు. ఈ దేవతే బౌద్ధంతోపాటు తూర్పుదేశాలకు వెళ్ళి, జపానులో మరిషితెన్ అయింది. అక్కడి యోధులు యుద్ధానికి పోయేముందు ఆమెను ప్రార్థించేవారట. శాలిహుండం నుంచే వెళ్ళిందని నేననను. అటువంటి మాటలు తేలికగా అనేవాళ్ళు వేరే ఉన్నారు. ఈ నదీముఖంలో కొలిచిన దేవత ఆ ద్వీపంలోనూ పూజలందుకున్నదన్నంతవరకే నా మాట. ఆ తీరానికీ ఈ తీరానికీ ఇంకొక పోలిక కూడా ఉన్నది. సముద్రం అక్కడా ఊరి మీదికి వస్తుంది.

జపాను ఈశాన్య తీరంలో మియాకో అనే పట్టణం ఉన్నది. దాని పరిధిలో అనేయోషి అని ఒక చిన్న పల్లె. 1896లో ఉప్పెన వచ్చి ఆ పల్లెను ఊడ్చుకుపోయింది. మిగిలినవాళ్ళు ఇద్దరు ముగ్గురు. మళ్ళీ ఊరు కట్టుకున్నారు, మళ్ళీ అక్కడే. 1933లో మళ్ళీ వచ్చింది, మళ్ళీ వేళ్ళ మీద లెక్కించదగినంతమంది మిగిలారు. అప్పుడు వాళ్ళు ఇళ్ళను ఎగువకు మార్చుకుని, దారి పక్కన ఒక రాయి నిలబెట్టారు. ఈ రాతికి దిగువన ఇల్లు కట్టవద్దు అని దానిమీద చెక్కించారు. మనిషి ఎత్తు కూడా లేని రాయి. 2011 మార్చి 11న ఆ తీరాన్ని ముంచిన సునామీ లోయలోకి దూసుకువచ్చి, రాతికి సుమారు వంద మీటర్ల దిగువన ఆగిపోయింది. పైనున్న ఇళ్ళకు తడి తగలలేదు. ఆ తీరం పొడవునా ఇటువంటి రాళ్ళు వందలు ఉన్నాయి. చాలాచోట్ల జనం వాటిని మరచిపోయి, దిగువన ఇళ్ళు కట్టుకుని, 2011లో పోయారు. కాబట్టి రాయి మంత్రం కాదు. చదివితే పనిచేస్తుంది, చదవకపోతే చెయ్యదు. అందుకే దాన్ని శాసనం అంటున్నాను.

జపాను చూసి వచ్చిన వాళ్ళు అక్కడి రైళ్ళ గురించి, శుభ్రత గురించి, పూల గురించి చెబుతారు. నన్నడిగితే ఆ దేశంలో చూడవలసిన వింత ఈ రాయి. కళింగపట్నంలో నాకు కనపడని వస్తువు ఇదే.

కొందరు అడగవచ్చు, ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి, చేతిలో ఫోన్లున్నాయి, ఇంకా రాళ్ళెందుకని. హెచ్చరికల విలువను నేను తక్కువ చేయడంలేదు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలకు వేలమంది కొట్టుకుపోయారు. 1999 అక్టోబరులో ఒడిశాలోనూ అంతే. 2013లో ఫైలిన్ వచ్చేసరికి లక్షలాది మందిని ముందుగానే తరలించారు గనుక మరణాలు పదులలో ఆగాయి. అది వాతావరణ శాస్త్రం సాధించిన విజయం, ఉద్యోగుల విజయం కూడా. కాని హెచ్చరిక చెప్పేది ఈ రాత్రి ఎక్కడికి పోవాలో. ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో చెప్పదు. ఇల్లు కట్టేది ఆకాశం నిర్మలంగా ఉన్న ఫాల్గుణ మాసంలో. ఆ వేళ రేడియో ఏమీ మాట్లాడదు. ఫోను ఏమీ మాట్లాడదు. అప్పుడు మాట్లాడగలది రాయి ఒక్కటే. తుఫాను ముందు గంటల హెచ్చరిక ఒకటి, తరాల హెచ్చరిక ఒకటి. మొదటిది మనం నేర్చుకున్నాం. రెండవది మన దగ్గర తాడిచెట్టుతోపాటు పోతున్నది. పైగా 2004 డిసెంబరు 26 వంటి ఉదయాలు ఉంటాయి. ఆనాడు మన రాష్ట్రంలోనే వందమందికి పైగా పోయారు. ఏ రేవులోనూ ఏ సూచికా ఎగరలేదు.

గీత లేదా అంటే ఉన్నది. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 1991లో వచ్చాయి. పోటు రేఖ నుంచి ఇన్ని మీటర్ల వరకు ఇది చేయరాదు, అది కట్టరాదు అని ఆ తరువాత 2011లోను, 2019లోను మార్పులు చేశారు. ఆ గీత పటాలలో ఉన్నది, దస్త్రాలలో ఉన్నది. నేల మీద నిలబడి చూసేవాడికి కనపడదు. కనపడని గీతను దాటడం ఎంతసేపు?

ఇంకొక ఆక్షేపణ బరువైనది. అది నాకు పుస్తకాలలో దొరకలేదు, ఆ సాయంత్రమే తీరంలో ఎదురైంది. మా మాటలు వింటున్న ఒక ముసలమ్మ చేపలు తిరగేస్తూ అడిగింది: "రాయి పాతితే సంద్రం ఆగిపోద్దేటి బాబూ?" నా శిష్యుడు నవ్వి, ఆగదమ్మా, మనం ఎక్కడ ఆగాలో తెలుస్తుంది అన్నాడు. "మేం ఆగితే పడవ ఎవుడు చూస్తాడు?" అన్నది. వాడి దగ్గర జవాబు లేదు. మత్స్యకారుడి ఇల్లు పడవకు కనుచూపు మేరలో ఉండాలి. వలలు, పడవ, ఆరబోసిన చేప, అతని ఆస్తి అంతా ఇసుక మీదే. ఎగువకు పొమ్మని చెప్పడం తేలిక. ఎగువన నేల ఎవరిది? అనేయోషి వాళ్ళకు వెనక కొండవాలు ఉన్నది. మన వాళ్ళకు వెనక ఉన్నది ఇంకొకరి జీడితోట.

ఆమె మాట కాదనలేం. కాని రాయి ఆమెను వెళ్ళగొట్టడానికి కాదు. అసలు ఆమెకు రాయి అవసరం అందరికంటె తక్కువ. ఆమెకు గాలి వాసన తెలుసు. పడవలేవీ లేకుండా, వల వేయవలసిన అవసరం లేకుండా, కేవలం కిటికీలోంచి కెరటాలు కనపడాలన్న కోరికతో తీరంలో విడిది గదులు కట్టేవారున్నారు. తీరానికి పర్యాటకం వస్తున్నదని సంతోషిస్తున్నాం, మంచిదే. పట్టణం నుంచి వచ్చి రాత్రికి అక్కడ పడుకునే కుటుంబానికి తెలియాలి గదా, ఈ గోడ ఎత్తున ఒకనాడు నీళ్ళు నిలిచాయని. పల్లెవాళ్ళ ఇళ్ళ విషయంలో ఆ రాయి ఇంకొక పని చేస్తుంది. పక్కా ఇల్లు, తుఫాను ఆశ్రయం, బడి, ఆస్పత్రి ఎక్కడ కట్టాలన్న వాదం వచ్చినప్పుడు అధికారి ముందు ఆ ముసలమ్మ వేలు పెట్టి చూపడానికి ఒక సాక్ష్యం ఉంటుంది. తాత చెప్పాడంటే దస్త్రంలో ఎక్కదు. రాయి చెబితే ఎక్కుతుంది.

దివిసీమలో 1977 మృతుల స్మృతి చిహ్నాలున్నాయి, ప్రతి నవంబరులోనూ నివాళులర్పిస్తారు. అది చేయవలసిన పనే. కాని స్మారకం వేరు, నేను అడుగుతున్నది వేరు. స్మారకం పోయినవాళ్ళ వైపు తిరిగి ఉంటుంది. ఈ రాయి రాబోయేవాళ్ళ వైపు తిరిగి ఉండాలి. దండలు అక్కరలేదు.

ఖర్చు? శ్రీకాకుళం జిల్లాలో రాతికి కరువా! టెక్కలి పరిసరాలలో తీసే నీలపు గ్రానైటు ఓడలెక్కి విదేశాలకు పోతున్నది. ఆ క్వారీలలో పక్కన పడేసిన ముక్కలతో బారువ నుంచి కోనాడ వరకు పల్లెకు ఒకటి చొప్పున నిలబెట్టవచ్చు. నిలబెట్టేది ఎవరన్నది ప్రశ్న అయితే, ప్రభుత్వం కోసం ఎదురుచూడనక్కరలేదని నా అభిప్రాయం. శ్రీకూర్మంలో దీపాలు పెట్టించినవారందరూ రాజులు కారు. తీరంలో ప్రతి పల్లెకూ బడి ఉన్నది. బడిలో పిల్లలున్నారు. ఊళ్ళో డెబ్బై దాటినవారున్నారు. ఒక వేసవి సెలవులలో పిల్లలు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, నీళ్ళు ఎక్కడికి వచ్చాయి తాతా, ఎవరింటి అరుగు మునిగింది, ఏ పెద్దగాలి, అప్పుడు నీ పెద్ద కొడుకు ఎంతవాడు అని అడిగి రాసుకుంటే, పదిమంది మాటలు ఒకచోట కలిస్తే సంవత్సరం దొరుకుతుంది, చోటూ దొరుకుతుంది. ఇది గిడుగువారు చేసిన పనికంటె కష్టమైనది కాదు. ఆయనకు రాయి ఉన్నది, చదివేవాడు లేడు. మనకు చదివే పిల్లలున్నారు, రాయి లేదు. హుద్‌హుద్, తిత్లీ, గులాబ్ చూసిన కళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నాయి గనుక వాటితో మొదలుపెట్టవచ్చు. తాడిచెట్టు చూపిన ఆ వృద్ధుడి వంటివారి దగ్గరకు మాత్రం ఈ వేసవిలోనే వెళ్ళాలి.

ఇక రాతిమీద ఏమి చెక్కాలి? తిరిగి వస్తూ కారులో నా శిష్యుడు నన్నే రాయమన్నాడు. వాడి ఉద్దేశం, మాస్టారు నాలుగు పాదాలలో ఏదైనా బరువైన పద్యం కడతారని. నేను బాలవ్యాకరణం వల్లె వేసి, దాన్నే మూడు దశాబ్దాలు బోధించినవాణ్ణి. 'జలప్లావనము' అన్న మాట నాకు మధురంగానే వినిపిస్తుంది. కాని అనేయోషి రాతిమీద ఏ పల్లెవాడైనా చదివితే అర్థమయ్యే మాట ఉన్నది. అందుకే అది బతికించింది. కళింగపట్నం రాతిమీద జలప్లావనము ఉండకూడదు. ఉప్పెన అన్న మంచి తెలుగుమాట మనకు ఉన్నది. అంతకంటె 'సంద్రం' ఇంకా మంచిది. నేను వాడికి చెప్పి రాయించినది ఇది. పై వరుసలో సంవత్సరం, నెల, తేదీ. దాని కింద, సంద్రం ఇందాకా వచ్చింది అని ఒక వాక్యం. దాని కింద అడ్డంగా ఒక గీత, నీళ్ళు నిలిచిన ఎత్తున. ఈ గీతకు దిగువన ఏది కట్టినా తెలిసి కట్టండి అని ఇంకొక వాక్యం. దాతల పేర్లు వద్దు.

వాడు రాసుకుని, చదివి, కింద కొంచెం ఖాళీ వదిలాడు. ఎందుకురా అంటే, "తరవాత వచ్చేదానికి మాస్టారూ" అన్నాడు.